వృథా కింద రాసిచ్చిన మాటలు

ఎండ 38వ రోజు

ఈ రోజు గోడకి డబ్బా బిగించి వెళ్లారు. చెప్పుల పెట్టంత ఉంది, తెల్లగా, ముందు ఒక చిన్న దీపం. మహాసంతలో కొట్టు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండాలట. బిగించడానికొచ్చినవాడు పదింటి సైరన్ కొట్టేస్తారన్న కంగారులో మేకు వంకరగా దిగ్గొట్టి, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా పరుగెత్తాడు. సైరన్ తరవాత సాయంత్రం ఐదు దాకా రోడ్డు మీద మనిషి కనిపిస్తే జరిమానా. ఎండకి పడిపోయినవాణ్ణి మోసుకెళ్లడం సర్కారుకి దండగ ఖర్చట. అందుకే కదా వీధిలో కొట్లన్నీ మూతపడి, మా పైమెట్ట జనమంతా ఇళ్లలో కూర్చుని మహాసంత లైను మీదే అమ్ముకుంటూ, లైను మీదే కొనుక్కుంటూ బతుకుతున్నది.

డబ్బా పని ఒక్కటే. మా కొట్లో గడిచే ప్రతి నిమిషాన్నీ చూస్తుంది, వింటుంది. ఆ నిమిషం అమ్మకానికి పనికొచ్చిందనుకుంటే దీపం పచ్చగా ఉంటుంది. వృథా అనుకుంటే ఎర్రబడుతుంది. నూటికి పన్నెండు నిమిషాల దాకా క్షమిస్తారట, ఎంత పెద్ద మనసో! అది దాటితే ఆ నెల కమీషన్ రెట్టింపు. వరసగా మూడు నెలలు దాటితే కొట్టు తలుపు దించేస్తారు. అలా కొట్టు పోగొట్టుకున్నవాళ్లు ఐదేళ్ల పాటు ఇంకెవరి కొట్లోనూ పనికి చేరకూడదు. పోనీ వేరే సంతకి పోదామంటే వేరే సంత లేదు, ఉన్న నాలుగింటినీ ఇదే మింగేసింది.

మా కొట్టు పేరు రత్నం జాకెట్లు. రత్నం అంటే మా వదిన నూకరత్నం, పోయిన మా అన్నయ్య భార్య. వదినకి కాగితం చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి కొట్టు నా పేరు మీద ఉంది. కొలత, కత్తిరింపు ఆవిడవి. కుట్టు, కాజాలు, హుక్కులు, పొట్లాలు, ప్రతివాడికీ సంజాయిషీలు నావి. మా ఆయన పడవల మీద పనికి పోయి ఆరేసి నెలలు రాడు. మా అమ్మాయి విశాఖలో నర్సింగు చదువుతోంది. ఆ చదువూ, ఈ ఇంటి బియ్యమూ పదకొండేళ్లుగా జాకెట్ల మీదే నడుస్తున్నాయి.

వదిన డబ్బాని ఎగాదిగా చూసింది.

"ఇదేటే కుమారీ, చచ్చిపోయిన మీ అత్తగారిని మళ్లీ తెచ్చి గోడకి కొట్టిచ్చుకున్నావా?"

దీపం ఎర్రబడింది. ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వినంతసేపూ అది ఎర్రగానే ఉంది.

ఇదంతా కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. పుస్తకంలో రాస్తుంటే కొలతలు రాసుకుంటున్నాననుకుని డబ్బా పచ్చగా ఉంటోంది. దాని తెలివి మండ!

ఎండ 43వ రోజు

ఐదు రోజులకి మా వృథా నూటికి ముప్ఫయ్యొకటి.

డబ్బా చిట్టా ఇచ్చింది. సూదిలో దారం ఎక్కించడం వృథా, ఎందుకంటే ఆ సేపు మిషను తిరగదు. బాబిన్ మార్చడం వృథా. నేను టీ తాగడం వృథా సరే, టీ చల్లారేదాకా గ్లాసు పట్టుకోవడం ఇంకో పద్దు. ఇవన్నీ కలిపినా ఏడు దాటలేదు. మిగతాదంతా మా వదిన మాటలే.

వదిన టేపు పట్టి కొలిచే మనిషి కాదు. అసలు కొలవడానికి మనిషి ఎదురుగా ఉంటే కదా! పూర్వం ఆది జాకెట్టు పంపించేవారు, అది చూసి కుట్టేవాళ్లం. అమ్మకం లేని పొట్లం మోయబోమని మహాసంత ఆ ఆదిని ఆపేసింది. బదులుగా కెమెరా కొలత తెచ్చింది. మనిషి చేతులు చాపి నిలబడితే పది సెకన్లలో అంకెలు వచ్చేస్తాయి. వదిన ఆ అంకెల వంక కన్నెత్తి చూడదు.

"కెమెరా ముందు నిలబడితే ఏ ఆడదైనా పొట్ట లోపలికి పీల్చి, భుజాలు ఎగరేసి బొమ్మలా నిలబడద్దే. ఆ కొలతకి కుట్టిన జాకెట్టేసుకుని అన్నం తింటదా, పిల్లోణ్ణి ఎత్తుకుంటదా?"

అందుకని ఆవిడ మాట్లాడుతుంది. ఈ రోజు పిఠాపురం నుంచి సూర్యావతి టీచరుగారు తెర మీదకి వచ్చారు. రిటైరైన మనిషి, రెండు నెలలకొక జాకెట్టు కుట్టించుకుంటారు, వారానికోసారి మాట్లాడతారు.

"మోకాలు నొప్పి తగ్గిందాండీ టీచరుగారూ?"

"ఎక్కడ తగ్గుద్దండీ, మేడ మీదకి నీళ్ల బిందె నేనే మొయ్యాలి కదా!"

"ఏ చేత్తో మోత్తన్నారేంటి?"

"కుడి చేత్తోనేనండి. ఎడమది బెణికి నెలైంది."

వదిన నా వంక చూసి కుడి చెయ్యి మీద వేలితో గీత గీసింది. కుడి చేతికి అర అంగుళం వదులు అని అర్థం. నేను రాసుకున్నాను.

"తిండి సరిగ్గా తింటన్నారా?"

"ఈ ఎండకి మజ్జిగన్నం కూడా దిగట్లేదండీ బాబూ."

ఛాతీ అంగుళం తగ్గించాను. తరవాత టీచరుగారి కోడలి సంగతి, ఎదురింటివాళ్ల కుక్క సంగతి, ఆ కుక్క కోడలి చెప్పు ఎత్తుకుపోయిన సంగతి. టీచరుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, నవ్వు అయ్యాక ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలారు. అప్పుడు వదిన తెర దగ్గరకి వంగి రెండు నిమిషాలు తేరిపార చూసింది. భుజం, మెడ లోతు, నడుం దగ్గర మడత, అన్నీ గడగడా చెప్పేసింది. ఈ పద్ధతిలో కుట్టిన జాకెట్టు తిరిగి రావడం నేను చూడలేదు.

ఇరవై రెండు నిమిషాలు. డబ్బా దీపం ఇరవై నిమిషాలు ఎర్రగా, రెండు నిమిషాలు పచ్చగా ఉంది. ఆ ఇరవై లేకపోతే ఈ రెండు ఎక్కణ్ణించి వస్తాయో దానికెవరు చెప్పాలి?

ఎండ 69వ రోజు

మొదటి నెల తీరిపోయింది. ఇరవై తొమ్మిది. కమీషన్ రెట్టింపు గుంజుకున్నారు. అమ్మాయి హాస్టలుకి ఈ నెల సగమే పంపాను. "పర్లేదమ్మా" అంది గాని, ఆ గొంతు నాకు తెలియదా?

వదినతో మెల్లిగా చెప్పి చూశాను, కాస్త ముక్తసరిగా మాట్లాడమని.

"ముక్తసరిగా మాటాడితే ముక్తసరి జాకెట్టే వత్తది" అని కత్తెర తీసుకుంది.

నేను ఎదురుగా గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది నిమిషాలు దాటగానే దగ్గాను. పన్నెండు దాటగానే గ్లాసు కింద పెట్టి చప్పుడు చేశాను. వదిన నా దగ్గుకి మిరియాల కషాయం కాచి తెచ్చింది. కావాలనే చేసిందో, నిజంగానే నాకు జబ్బనుకుందో తెలియలేదు.

ఎండ 97వ రోజు

రెండో నెల ఇరవై నాలుగు. ఇంక ఒక్క నెల మిగిలింది.

మూడు రాత్రులుగా నిద్ర లేదు. టీ మానేశాను. సూదులన్నిటికీ పొద్దున్నే సైరన్‌కి ముందు, కొట్టు తెరవకముందే దారాలు ఎక్కించి పెట్టుకుంటున్నాను. డబ్బా ముందు నడిచేటప్పుడు కూడా గబగబా నడుస్తున్నాను, నన్ను చూస్తే నాకే అసహ్యం వేస్తోంది.

ఎండ 99వ రోజు

మహాసంత నుంచి ప్రణవి అనే అమ్మాయి తెర మీదకి వచ్చింది. వ్యాపార సలహాదారట. ఇరవై ఐదేళ్లుండవు. చక్కగా నవ్వింది. వదిన మేడ మీద ఆరేసిన లైనింగు బట్టలు తీయడానికి వెళ్లింది.

"మేడమ్, మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. ఆ ఎర్ర నిమిషాలు మీకు అవసరమా, అనవసరమా?"

"అనవసరమనే కదమ్మా మీ డబ్బా గోల పెడుతోంది."

"డబ్బా అంటే చాలదు మేడమ్, మీరు అనాలి. అవి వృథా అని మీరే రాసిస్తే మీ ఖాతాలోంచి తీసేస్తాం. ఇంట్లో చెత్త గుమ్మం బయట పెట్టేసినట్టే. ఊడ్చుకుపోవడం మా పని."

"దానికేమైనా కట్టాలా?"

"ఒక్క రూపాయి కూడా వద్దు మేడమ్."

నాకు చిన్న అనుమానం రాకపోలేదు. డబ్బు అడగకుండా మహాసంత ఒక్క మేలు చేసిందా నా జన్మలో? కాని ఆ క్షణాన నాకు కనిపించింది కొట్టు తలుపొకటే. తెర మీద కాగితం వచ్చింది. చదివాను, చదవలేదని ఎవరి మీదా నెపం పెట్టను. "నేను, గంధం లోవకుమారి, మా కొట్టు లైను మీద ఇంతవరకు సాగిన, ఇకముందు సాగబోయే, అమ్మకానికి పనికిరాని మాటలన్నీ వృథా అని ఒప్పుకుని వదులుకుంటున్నాను." అంతే ఉంది. చెత్త వదులుకోవడానికి ఆలోచన ఎందుకని వేలు నొక్కాను.

వదిన బట్టల మూటతో దిగి వచ్చింది. "దేనికే వేలి ముద్దర?"

"కరెంటోళ్లదిలే వదినా."

ఆవిడ ఇంకేం అడగలేదు. నేను చెప్పిందల్లా నమ్మే మనిషి.

ఎండ 104వ రోజు

నాలుగు రోజులు పండగే పండగ. వృథా సున్నా! డబ్బా పచ్చగా మెరుస్తుంటే టీ కూడా తాగాను, చల్లార్చుకుని మరీ తాగాను.

ఈ రోజు సూర్యావతి టీచరుగారు వచ్చారు. మోకాలి సంగతి అయింది. కోడలు పుట్టింటికి వెళ్లిందని మొదలుపెట్టారు. నాలుగో నిమిషం నిండగానే తెర నల్లబడింది. అప్పటికి టీచరుగారి నోరు సగం తెరుచుకునే ఉంది.

డబ్బా మాట్లాడింది, చాలా మర్యాదగా. "లోవకుమారి గారూ, మీరు వృథాగా ప్రకటించిన సంభాషణలను ఈ రోజు నుంచి నిలిపివేస్తున్నాం."

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాను. దారం ఎక్కించిన సూదిలో మళ్లీ దారం ఎక్కిస్తున్నానని వదినకి కనబడుతూనే ఉంది.

"ఏం ప్రకటించావే నువ్వు?"

చెప్పేశాను. అంతా చెప్పేశాను. వదిన కత్తెర బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని నింపాదిగా విన్నది.

"నా మాటలు చెత్తని రాసిచ్చావా?"

"కొట్టు నిలబడాలి కదా వదినా. ఇంక ఒక్క నెలే కదా ఉంది!"

"నాతో ఒక్క మాట అనాలని తోచలేదా? నువ్వు రాసిచ్చింది మాటలనుకుంటన్నావేమో, అది నా కొలతే! పదకొండేళ్లు ఆ కొలతేనే మన ఇద్దరి నోట్లోకీ ముద్ద పెట్టింది."

నాకు ఒళ్లు మండింది. తప్పు నాదని తెలిసినప్పుడే మనిషికి ఎక్కువ మండుతుంది.

"ముద్ద పెట్టింది నీ కొలతొక్కటేనా? తెల్లారకముందే లేచి కాజాలు కుట్టి కుట్టి నా కళ్లు పోయాయి. నువ్వు కుర్చీలో కూర్చుని ఊరి ఊసులు చెబుతుంటే ఆ జరిమానాలు కట్టింది నేను!"

అనేశాను. ఊసులు అన్నాను. నాలుక కరుచుకుని ఏం లాభం?

వదిన మళ్లీ కత్తెర అందుకుంది. ఐదింటి సైరన్ దాకా మిగిలిన రెండు జాకెట్లూ కత్తిరించి పెట్టింది, మాట పడ్డాక కూడా పని ఎగ్గొట్టలేదు. సైరన్ మోగగానే కత్తెర గుడ్డలో చుట్టుకుని, రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. దిగువ వీధిలో మా అన్నయ్య కట్టించిన ఒంటి గది ఉంది. అక్కడికి వెళ్లిపోయింది.

"ఊసులు చెప్పుకునేదాన్ని, నాకిక్కడ పనేముందే" అని మాత్రం గుమ్మంలో అంది.

ఎండ 127వ రోజు

మూడో నెల సున్నా. కొట్టు నిలబడింది. మహాసంత నాకు ఆకుపచ్చ నక్షత్రం పంపింది, కొట్టు పేరు పక్కన మెరుస్తోంది.

కెమెరా కొలతలతో కుడుతున్నాను. ఈ నెల నలభై ఒకటి పంపితే పంతొమ్మిది తిరిగి వచ్చాయి. చంక పట్టేసిందని ఒకరు, అన్నం తిన్నాక హుక్కు ఎగిరిపోయిందని ఒకరు. ఒకావిడ పెళ్లిలో పీటల మీద కూర్చోగానే వీపు దగ్గర కుట్టు టప్పుమందట. నన్ను తిట్టిన తిట్లు పుస్తకంలో రాయలేను. వదిన చెప్పింది చెప్పినట్టు జరిగింది.

విచిత్రమేమిటంటే డబ్బా మాత్రం ఎర్రబడలేదు. తిరిగొచ్చిన జాకెట్టు వృథా కాదట, రవాణా అట. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి మహాసంత బండికి కూలి పడుతుంది కదా. కుట్లు విప్పి మళ్లీ కుట్టే గంటలు కూడా పచ్చవే, మిషను తిరుగుతోంది కాబట్టి. ఒక మనిషిని నవ్వించి ఊపిరి వదిలించడం ఒక్కటే ఈ లోకంలో దండగ.

వదిన మహాసంతలో సొంతంగా కొట్టు తెరిచిందని కూరగాయల బండివాడు చెప్పాడు. పక్కింటివాళ్ల చేత కాగితాలు నింపించుకుందట. డబ్బా లేకుండా రెండు నెలలు చూస్తారట కొత్తవాళ్లని. పాత బేరాలు ఒక్కొక్కటీ అటు పోతున్నాయి. కడుపు మండలేదని అబద్ధమాడను. సంతోషం కూడా వేసింది, అదీ అబద్ధం కాదు.

ఎండ 141వ రోజు

పొద్దున సూర్యావతి టీచరుగారు వచ్చారు. నాలుగు నిమిషాలే ఉంటాయని తెలిసి గబగబా మాట్లాడారు.

"మీ వదినగారు ఎంత ఓపికమంతురాలండీ! పొద్దున్నే గంట మాటాడేను. ప్రాణం కుదుటపడిందనుకోండి."

"జాకెట్టుకి ఇచ్చారాండీ?"

"జాకెట్టుకి కాదండీ, ఊరికే మాటాడ్డానికే. మహాసంతలోనే కొత్తగా పెట్టేరు కదండీ, 'కాసేపు' అని. నెలకి ఆరొందలు. గోదారి వదిన అని నొక్కితే మీ వదినగారే వస్తారు. మీకు చెప్పలేదాండీ? మొదట నేనూ..."

లైను తెగిపోయింది.

నేను 'కాసేపు' తెరిచాను. మాట్లాడే మనుషుల వరస వచ్చింది. నెల్లూరు మావయ్య, కర్నూలు పెద్దమ్మ, హనుమకొండ బాబాయి. అందరికంటే పైన, అందరికంటే ఎక్కువమంది కొన్న గొంతు, గోదావరి వదిన. మొదటి మూడు నిమిషాలు ఉచితమట. నొక్కాను.

"ఏమ్మా, మొహం అలా పీక్కుపోయిందేంటి? పొద్దున్న ఏం తిన్నావు?"

గొంతు మా వదినదే. కాని నన్ను కుమారీ అనలేదు, అది మనిషి కాదు, మహాసంత అతికిన గొంతు. మాటకి ముందు గొంతు సవరించుకోవడం, చివర ముక్కు ఎగబీల్చడం, అన్నీ ఆవిడవే. మా కొట్టు లైను మీద ఏళ్ల తరబడి సాగిన మాటలు. నేను జరిమానాలు కట్టిన మాటలు. నేను చెత్తని వేలు నొక్కి వదులుకున్న మాటలు. అవి తీసుకెళ్లి శుభ్రంగా కడిగి, నెలకి ఆరొందలకి అమ్ముతున్నారు!

మిషను దగ్గర కూర్చున్నాను గాని కాలు ఆడలేదు.

ఎండ 142వ రోజు

ప్రణవిని తెర మీదకి పిలిచాను. అరిచాను కూడా. ఆ పిల్ల నవ్వు చెదరలేదు.

"మీరే పారేశారు కదా మేడమ్. పారేసింది మేం ఏరుకున్నాం."

"పారేసింది నేను. గొంతు ఆవిడది. ఆవిణ్ణి అడిగారా?"

"లైను మీ పేరు మీద ఉంది మేడమ్. ఆవిడ మీ కొట్లో మనిషి. అన్నట్టు, మొన్న ఆవిడ కొత్త కొట్టు ఆపేయాల్సి వచ్చింది. మా సేవలో ఉన్న గొంతుకి నకలుగా మాట్లాడుతున్నారు."



"ఆవిడ గొంతుకి ఆవిడే నకలా?"

"ముందు నమోదైంది మాది మేడమ్."

ఆ పిల్లని ఏమనాలి? జీతగత్తె. రేపు ఆ పిల్ల నవ్వు కూడా ఎవరో ఏరుకుంటారు. నోటికొచ్చినవన్నీ మింగి, ఆ కాగితం వెనక్కి తీసుకుంటానన్నాను.

"తప్పకుండా మేడమ్, మీకు హక్కుంది. ఆవిడ గొంతు ఆవిడకి వదిలేస్తాం, కొట్టు తెరుస్తాం. కాకపోతే మీరు వదిలేసిన నిమిషాలన్నీ, పాతవాటితో సహా, మళ్లీ మీ ఖాతాలో మూడో నెల కింద పడతాయి. అంటే మూడో నెల కూడా దాటినట్టే. అదే రోజు మీ తలుపు దించేస్తాం. ఐదేళ్ల రూలు మీకు తెలుసు కదా!"

ఎండ 143వ రోజు

సాయంత్రం సైరన్ మోగగానే దిగువ వీధికి వెళ్లాను. ముప్ఫై తొమ్మిది రోజులైంది ఆవిణ్ణి చూసి. గుమ్మంలో పీట వేసుకుని ఎవరిదో చీరకి ఫాలు కుడుతోంది. చిక్కిపోయింది. కొట్టు లైను లేదు కాబట్టి ఎండ దిగాక నడిచి వచ్చే ఇరుగుపొరుగువాళ్ల పనే దిక్కు. ఫాలుకి ఎంతొస్తుంది!

"రా" అంది. పీట నాకు జరిపి తను గచ్చు మీద కూర్చుంది.

"నోటీసు చూశావా వదినా?"

"పక్కింటోళ్లు చదివి పెట్టేరు. నా గొంతు నాది కాదంట. మొన్న బీపీ బిళ్లలకి మందుల కొట్టుకి ఫోన్ చేత్తే, నకిలీ గొంతని మహాసంత లైను కోసేసింది. పక్కింటోళ్ల చేత అడిగిచ్చుకున్నాను."

మామూలుగా చెప్పింది, కూర ధర చెప్పినట్టు చెప్పింది. నేను కూడబలుక్కుని వచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఆ కాగితం వెనక్కి తీసుకోవచ్చంట."

"తీసుకుంటే?"

"నీ గొంతు నీకిచ్చేస్తారు. నీ కొట్టు తెరుస్తారు."

"మరి నీది?"

"మూసేస్తారు. ఐదేళ్లు ఎక్కడా కుట్టకూడదు. నీ దగ్గర కూడా."

వదిన దారం పళ్లతో తెంపి, సూది గుడ్డకి గుచ్చి నా మొహంలోకి చూసింది. టీచరుగారిని చూసినట్టే, ఊపిరి వదిలేదాకా ఆగి చూసే చూపు.

"మూసుకుంటావా?"

అవును అనాలి. ఒక్క మాట. దారిలో ఎన్నిసార్లు అనుకుంటూ వచ్చాను! అమ్మాయికి ఇంకా రెండేళ్ల చదువు ఉంది. అయినా ఆ మాటే అనాలి. నోరు తెరిచాను. మళ్లీ మూశాను. వదిన తొందరపెట్టలేదు. వీధి చివర నీళ్ల ట్యాంకరు వచ్చింది, జనం బిందెలు వేసుకున్నారు, ట్యాంకరు వెళ్లిపోయింది. నేను అలాగే కూర్చున్నాను.

"సర్లే" అంది చివరికి. "ఇంటికి పో. పిల్ల ఫోన్ చేసే వేళైంది."

తిడుతుందేమోనని ఆశపడ్డాను. జుట్టు పట్టుకుని ఈడ్చినా బాగుండేది. ఆవిడ మళ్లీ ఫాలు అందుకుని, నాకు వెలుతురు అడ్డొస్తున్నావు, కాస్త పక్కకి జరుగు అంది. లేచి వచ్చేశాను.

ఎండ 144వ రోజు

కాగితం వెనక్కి తీసుకోలేదు. ఇంక తీసుకోనని కూడా నాకు తెలుసు. ఇక్కడైనా నిజం రాయాలి కదా.

పొద్దున కొట్టు తెరవగానే 'కాసేపు'కి ఒక గంట డబ్బు కట్టి, గోదావరి వదినని నొక్కాను. జరిగిందంతా చెప్పాను, దిగువ వీధి గుమ్మం దాకా. అడ్డు రాకుండా, ఊఁ కొడుతూ విన్నది.

"నా మీద కోపం ఉందా వదినా?"

"పిచ్చిదానా, నీ మీద నాకు కోపమేటే? కొట్టు నిలబెట్టుకోవద్దా మరి? ఏడవకు, ముందు కాసిని మంచినీళ్లు తాగు."

ఏడ్చాను. మా వదిన ఏనాడూ ఎవరినీ ఏడవొద్దనలేదు. ఏడిస్తే తగ్గుద్ది, ఏడవనియ్యండి అనేది. కోడలు కొట్టిందని చెప్పుకున్న ఎవరితోనో, మొగుడు పోయిన ఎవరితోనో ఆవిడ అన్న మాటలు ముక్కలు చేసి, అతుకులు కనబడకుండా కుట్టి నాకు తొడిగారు. పట్టుకుని చూస్తే ప్రతి కుట్టూ తెలుస్తోంది. అయినా మళ్లీ అడిగాను. మళ్లీ క్షమించింది, ఈసారి ఇంకో రకం మాటలతో. మూడోసారి అడిగాను. మూడోసారీ విసుక్కోలేదు.

గంట అయిపోయింది. వృథా ఏమీ నమోదు కాలేదని, గంటసేపూ కొనుగోలు జరిగిందని డబ్బా చెప్పింది. ఇంకో గంట కావాలా అని తెర అడిగింది. కుట్టవలసినవి పదకొండు జాకెట్లు ఉన్నాయి, విప్పవలసినవి ఏడు ఉన్నాయి.

ఈ రోజుకి వద్దన్నాను. రేపటికి కట్టేశాను.